టీషర్టు మీద పుర్రె, చెవిలో వంగపండు

ఆమదాలవలసలో రైలు దిగినవాడికి బోర్డు మీద కనిపించేది ‘శ్రీకాకుళం రోడ్’. ఊరొకటి, పేరొకటి. ఇక్కడి హెవీ మెటల్ కుర్రాడి వ్యవహారమూ అంతే.

టీషర్టు మీద పుర్రె, చెవుల్లో ఇళయరాజా. అడిగితే ఒప్పుకోడు, పరువు పోదూ! పార్వతీపురం దగ్గరి పెదబొండపల్లిలో పుట్టిన జానపద గాయకుడు వంగపండు ప్రసాదరావు పాటలన్నీ ఫోన్‌లో ఉన్నాయి. ఫోల్డర్ పేరు మాత్రం ‘బ్లాక్ సబ్బాత్ 2’.

అసలు మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ గిటారిస్టు టోనీ అయోమీకే ఈ మొహమాటం లేదు. బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో పదిహేడో ఏట కుడిచేతి వేళ్ల కొసలు తెగిపోతే, ఫోర్‌మన్ వినిపించిన జాంగో రైన్‌హార్ట్ జాజ్ రికార్డే అతనికి మళ్లీ గిటారు పట్టించింది. ఎడమచేతి రెండు వేళ్లు కాలి పనికిరాకపోయినా వాయించిన మొండివాడు జాంగో. అయోమీ ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు. 1970లో బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్ వచ్చింది. మెటల్‌కు పురుడు పోసిన మంత్రసాని జాజ్ అన్నమాట! మరో మెటల్ బ్యాండ్ మెటాలికా అయితే 1999లో శాన్‌ఫ్రాన్సిస్కో సింఫనీతో కలిసి వాయించింది. దాచుకోలేదు, ఆల్బమ్ చేసి అమ్ముకుంది.

మనవాడు మాత్రం జాతరలో తప్పెటగుళ్లు మొదలవగానే దూరంగా నిలబడతాడు. ఛాతీకి తప్పెట, కాళ్లకు గజ్జెలు, ఎగిరెగిరి వాయించే ఆ బృందం ముందు తల దానంతటదే ఊగిపోతుంది.

‘ఏట్రా, తలూపుతున్నావు?’ అని మావయ్య అడిగితే, ‘మెడ పట్టేసింది మావయ్యా’ అంటాడు.