డాక్టరుగారి సూది

నా ఒంటి మీద రెండు వరసల గీతలున్నాయి. ఒకవైపువి 40 యూనిట్ల బలం మందుకు, రెండోవైపువి 80 యూనిట్ల బలం మందుకు. సీసాలో 40 బలం మందుంటే, 80 వరస చూసి తీసినవాడు సగం మోతాదే ఎక్కిస్తాడు. సీసాలో 80 ఉండి, చూసింది 40 వరసయితే రెట్టింపు ఎక్కి మనిషి చెమటలు పట్టి పడిపోతాడు. ఒక మిల్లీలీటరు పట్టే గాజు ఇన్సులిన్ సిరంజిని నేను. మార్కాపురంలో నన్ను ఏళ్ల తరబడి వాడిన మనిషి ఆ గీతల్ని తప్పు చదవగా నేను చూడలేదు. ఆయన డాక్టరు. నాతో పొడుచుకున్నది తన తొడలోనే.

గొట్టం, పిస్టన్ ఒకదానికొకటి సరిపోయేలా అరగదీసి, రెండింటి మీదా ఒకే నంబరు వేశారు. మరో సిరంజి పిస్టన్ నాకు కుదరదు, కుదిరినట్టున్నా మందు కారిపోతుంది. నా పుట్టుక గురించి ఇంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదు.

మార్కాపురం, గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లాలో ఉండేవి. వాటిని కలుపుకుని ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అందుకే మా డాక్టరుగారు 1957లో మొదలైన కర్నూలు వైద్య కళాశాలలో చేరారు. చదువు మధ్యలో తీరని దప్పిక పట్టుకుంది. రాత్రిళ్లు పదేపదే లేవడం, తిన్నది ఒంటబట్టకపోవడం, ప్యాంటు వదులు కావడం. అదే రోజుల్లో తరగతిలో బెనెడిక్ట్ ద్రావణంతో మూత్ర పరీక్ష నేర్పారు. 5 మిల్లీలీటర్ల నీలం ద్రావణంలో 8 చుక్కల మూత్రం వేసి మరిగించాలి. చక్కెర లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. ఉన్నకొద్దీ ఆకుపచ్చ, పసుపు, నారింజ, చివరికి ఇటుక ఎరుపు. ఎవరి మూత్రం వాళ్లే పరీక్షించుకోవాలి. బల్ల మీద మిగతా గొట్టాలన్నీ నీలంగా ఉంటే ఆయనది ఇటుక రంగుకు తిరిగింది. పక్కవాడు చూడకముందే సింకులో పారబోశానని పెళ్లయిన చాలా కాలానికి అమ్మగారితో చెప్తుంటే నా స్టీలు పెట్టెలోంచి విన్నాను.

ఆ పారబోయడంతో మొదలైంది దాచుకోవడం. సర్కారు ఉద్యోగానికి ముందు వైద్య పరీక్ష ఉంటుంది, మూత్రం చూస్తారు. ఆ భయంతో ఆయన దరఖాస్తే పెట్టలేదు. మార్కాపురంలో సొంతంగా బోర్డు కట్టారు. ఊళ్లోనూ చెప్పలేదు. తన జబ్బే కుదుర్చుకోలేనివాడు మనకేం కుదురుస్తాడు అంటారని ఆయన నమ్మకం. జనం అలా అనేమాట నిజమే, క్లినిక్ అరుగు మీద వేరే డాక్టర్ల గురించి అనగా నేనూ విన్నాను. కానీ ఆయనది కుదిరిపోయే జబ్బు కాదు. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల్ని ఒంట్లోని రక్షణ వ్యవస్థే చంపేసింది. ఇక బతికినన్నాళ్లూ బయటినుంచి ఇన్సులిన్ ఎక్కించుకోవలసిందే. ఆ రోజుల్లో అది పశువుల, పందుల క్లోమంనుంచి తీసిన మందు. గుంటూరు నుంచి మీటరు గేజి బండిలో, థర్మాస్ ఫ్లాస్కులో మంచుముక్కల మధ్య వచ్చేది. ఊరికి దూరంగా ఉన్న మార్కాపురం రోడ్డు స్టేషన్లో బండి ఆలస్యమైతే మంచు కరిగిపోయేది. ఇంటికి చేరాక పెద్ద కుండలో ఇసుక పోసి, దానిలో చిన్న కుండ పెట్టి, ఇసుకను తడుపుతూ ఆ చల్లదనంలో సీసాలు దాచేవారు. నల్లమల దిగువన ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వేడికి ఇన్సులిన్ చచ్చిపోతుంది. చచ్చిన మందు చూడ్డానికి మంచి మందులాగే ఉండొచ్చు. దాని సంగతి తెలిసేది మళ్లీ ఆ ఇటుక రంగు వచ్చినప్పుడే.

నా శత్రువు ఈ ఊరి నీళ్లు. బోరు నీళ్లలో మరిగిస్తే గాజుకు తెల్లటి చార పడుతుంది. పిస్టన్ పట్టేసి కదలదు. బలవంతంగా లాగితే విరుగుతుంది. అమ్మగారు వాన నీళ్లు బిందెకు పట్టి గుడ్డ వాసెన కట్టి ఉంచేవారు. అవి అయిపోతే చార పడ్డ నన్ను నిమ్మరసంలో నానబెట్టేవారు. ఆ నీళ్లు మనుషుల్ని ఏం చేశాయో నాకు బాగా తెలుసు. పొదిలి, దర్శి, కనిగిరి అప్పటి నెల్లూరు జిల్లాలో ఉండేవి. అక్కడివాళ్ల ఎముకలు బిగుసుకుపోవడానికి తాగే నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్, ఆయన సహచరులు 1937లో రాశారు. మన దేశంలో ఈ జబ్బు మీద వచ్చిన తొలి నివేదికల్లో అదొకటి. మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పి చూసే నలభై ఏళ్లవాళ్లు మా క్లినిక్ బెంచీ మీద కూర్చునేవాళ్లు. కాచి తాగుతున్నాం సామీ, అనేవాళ్లు. కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కనవుతుంది అని ప్రతి ఒక్కరికీ ఆయన మొదటినుంచీ చెప్పేవారు. ఒక జబ్బుతో రోజూ వేగడమంటే ఏమిటో తెలిసిన మనిషి విసుక్కోడు. నేనది దగ్గరుండి చూశాను.

బెంచీ మీద పలకల పనివాళ్లు ఎక్కువ. దేశంలో ఎన్నో బడులకు పలకలు పంపిన ఊరిది. గనుల్లో రాయి తీసి, పొరలుగా చీల్చి, కోసి, నునుపు చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి ఆ ధూళి చేరేది. ఆయాసం, దగ్గు, బరువు తగ్గడం. చూడగానే క్షయ అనిపిస్తుంది. కొందరిది క్షయ, కొందరిది రాతిధూళి తెచ్చిన సిలికోసిస్, ఆ ధూళి పేరుకున్న ఊపిరితిత్తులకు క్షయ ఇంకా తొందరగా పట్టుకుంటుంది గనుక కొందరికి రెండూ. షుగరున్నవాళ్లకూ అంతే, క్షయ తేలిగ్గా అంటుతుంది. తెలిసీ ఆ దగ్గుల మధ్య ఆయన పొద్దుటినుంచి రాత్రిదాకా కూర్చున్నారు. ఏటా తన ఛాతీకి ఎక్స్‌రే తీయించుకుని ఆ ఫిల్మును బీరువాలో బట్టల కింద దాచేవారు.

ఒకరోజు పలకల పనివాడొకడు పన్నెండేళ్ల కొడుకును భుజాన వేసుకొచ్చాడు. పిల్లవాడికి ఒగర్పు, నోట్లోంచి పండిన పళ్ల వాసన, కళ్లు లోతుకు పోయాయి. పెద్దాసుపత్రికి పంపి, బతికి తిరిగొచ్చాక రోజూ సూది వేయాలని డాక్టరుగారు చెప్పారు. తండ్రి ఒప్పుకోలేదు.

"బతికినన్నాళ్లూ సూదా సామీ? పసరు మందేదన్నా చూపియ్యి. సూదులు ఏసుకునేవాడు మనిషిలెక్కలో ఉంటాడా?"

డాక్టరుగారు లేచి తలుపు గడియ వేశారు. స్టీలు పెట్టె తెరిచి నన్ను తీశారు. మధ్యాహ్నం వేళ కాని వేళ, అయినా సీసాలోంచి కొద్దిగా మందు లాగారు. సూది పైకి పట్టి గొట్టాన్ని గోటితో తట్టి బుడగను పైకి తెచ్చి బయటికి నెట్టారు. పంచె పక్కకు జరిపి తొడ మీద చర్మం చిటికెతో పట్టి పొడుచుకున్నారు. ఆ తొడ నిండా పాత మచ్చలు, కొన్నిచోట్ల గుంటలు పడి ఉంది. తండ్రి ఆ తొడ వంకే చూస్తూ ఉండిపోయాడు. పిల్లవాడు మాత్రం అడిగాడు: "నొప్పి లేదా సార్?"

"ఉంటుంది. మొద్దుబారిన సూదయితే ఎక్కువ ఉంటుంది. అందుకే రాయి మీద సాన పట్టుకోవాలి. మీ నాయనకు రాయి గురించి నేను చెప్పాలా?"

ఆ తర్వాత ఆయన వాళ్లకు లారెన్స్ కథ చెప్పారు. రాబర్ట్ లారెన్స్ లండన్‌లో శస్త్రవైద్యం నేర్చుకుంటున్న యువకుడు. షుగరని తేలింది. అప్పటికి మందు లేదు. చనిపోయేలోగా బతుకుతెరువు ఏదో చూసుకుందామని ఇటలీలోని ఫ్లోరెన్స్‌కు వెళ్లిపోయాడు. 1922 జనవరిలో టొరంటోలో తొలిసారి ఒక కుర్రవాడికి ఇన్సులిన్ ఎక్కించారు. తర్వాత అది లండన్ చేరింది. 1923లో కబురందుకుని లారెన్స్ సగం చచ్చిన మనిషిగా వెనక్కి వచ్చి సూది పొడిపించుకుని లేచాడు. తర్వాత షుగరు రోగులకే వైద్యం చేస్తూ, వాళ్లకోసం పుస్తకం రాస్తూ 1968 దాకా బతికాడు. అమెరికాలో జార్జ్ మైనాట్ కూడా అంతే. ఇన్సులిన్‌తో నిలిచి, మనిషిని చంపే ఒక రక్తహీనతకు వైద్యం కనిపెట్టి 1934లో నోబెల్ అందుకున్నాడు. మనవాడు ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి చెప్పేటప్పుడు డాక్టరుగారి గొంతు మారేది. అన్ననీ తమ్ముణ్నీ స్ప్రూ అనే పేగుల వ్యాధి మింగింది, తనూ దానికి దొరికి కొసప్రాణంతో బయటపడ్డాడు. ఆయన నడిపిన బృందమే 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చింది అదే.

ఇంత చెప్పిన మనిషి చివర్లో ఆ తండ్రి చేతులు పట్టుకుని, నా సంగతి బయట అనొద్దని అడిగారు. ఆ తండ్రి మాట తప్పలేదు. పిల్లవాడు సూదితో పెరిగి పెద్దవాడయ్యాడు. ధూళి తిన్న తండ్రి మాత్రం ముసలితనం చూడలేదు.

తర్వాత డాక్టరుగారి కళ్లకు మసక కమ్మింది. షుగరు కంటిపొర నెత్తురునాళాల్ని చెడగొట్టింది. ముందు కుట్లు వేయడం మానేశారు, ఆ కేసులు తోటి డాక్టర్లకు పంపారు. తర్వాత నా గీతలు ఆనలేదు. ఇంగ్లీషు అంకెలు రాని అమ్మగారు గీతలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. దీపం దగ్గరికి నన్ను ఎత్తి, బొటనవేలి గోరు గీత దగ్గర ఆనించి, "ఇక్కడికేనా?" అని అడిగేవారు. ఆయన తాకి చూసి అవుననేవారు. చివరికి మూత్రపిండాలు పోయాయి. జబ్బు చేసి ఒక నర్సింగ్ హోంలో ఉన్నప్పుడు అక్కడి కంపౌండర్ నన్ను మరిగించకుండా గోరువెచ్చని నీళ్లలో ముంచి తీసి, పది మందికి వాడే ట్రేలో పడేశాడు. ఆ పనికి వాణ్ని నేనింకా క్షమించలేదు. 1986లో మద్రాసులో హెచ్‌ఐవీ బయటపడ్డాక ప్లాస్టిక్ సిరంజిలు ఊరూరికీ వచ్చి మా గాజు జాతిని తీసేశాయంటే అలాంటి చేతులే కారణం. తీసేయడం న్యాయమే. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకూడదు. నా మట్టుకు నేను ఒక్కరి సూదినే.

ఆయన పోయాక నా బతుకు చెల్లాచెదురైంది. కుట్టుమిషనుకు నూనె వేయడానికి నన్ను తీశారు. నూనె జిగురు గొట్టానికి పట్టింది, ఎవరూ కడగలేదు. తర్వాత పిల్లలు సిరాపెన్నులో సిరా ఎక్కించారు. పండగకు రంగునీళ్లు చిమ్మారు. సూది బిగించే కొన వంగింది. పిస్టన్ ఎక్కడో మంచం కిందికి దొర్లిపోయింది. ఎవరో మరో పిస్టన్ తెచ్చి తోశారు, కుదరక పక్కన పడేశారు. పాత సామాన్లు కొనేవాడు వస్తే స్టీలు పెట్టెను తూకానికి వేశారు. గాజుకు ధర లేదని నన్ను తీసి అరుగు మీద పెట్టి పెట్టె పట్టుకుపోయాడు. అక్కణ్నుంచి దొర్లి అరుగు కింద పలకముక్కల గుట్టలో పడి ఉన్నాను.

ఇక్కడినుంచి వీధి మాటలు వినపడతాయి. డాక్టరుగారి చేయి మంచిదని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. అనేసి, సాయంత్రాలు మాత్రం తాగేవాడు పాపం అని కలుపుతారు. మాట తడబడేది, చేతులు వణికేవి, మధ్యలో లేచి లోపలికి పోయేవాడు అని గుర్తు చేసుకుంటారు. ఆయన బతికుండగానే ఈ పేరు వచ్చింది. షుగరు రోగినని చెప్పడం కంటే తాగుబోతు పేరు మోయడానికే ఆయన ఒప్పుకున్నారు.

ఆయన తాగలేదు. పొద్దున నేనెక్కించిన మందు లెంటే రకం. మెల్లగా పనిచేసి మధ్యాహ్నం దాటాక, సాయంత్రానికి బాగా బలం చూపుతుంది. ఆ వేళకు కడుపులో కూడు ఉండాలి. లేకపోతే నెత్తురులో చక్కెర పడిపోయి మాట తడబడుతుంది, చేయి వణుకుతుంది, చెమటలు పోస్తాయి. లోపలికి వెళ్లింది బెల్లంముక్క నోట్లో వేసుకోవడానికి. భోజనం ఎందుకు ఆలస్యమయ్యేదంటే, గిద్దలూరు నుంచి, కంభం నుంచి, తర్లుపాడు నుంచి వచ్చినవాళ్లు ఇంకా బెంచీ మీద ఉండేవాళ్లు. వాళ్లకు ఆఖరి బస్సు అందాలి.