‘ఒక్క రాత్రేగా’: టీకా తాత్పర్యం

అవతారిక: డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలోనో ఇర్వింగ్‌లోనో ఒక తెలుగింట, జనవరి శుక్రవారం పొద్దున, ఇడ్లీల దగ్గర పుట్టిన వాక్యమిది. కర్త ఇంటాయన. గమ్యం దగ్గర్లోని గ్రేప్‌వైన్ ఊళ్లో, కప్పు కింద వాటర్‌పార్కు ఉన్న రిసార్ట్, గ్రేట్ వుల్ఫ్ లాడ్జ్. శ్రోతలు భార్య, ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లు ఉందామని వచ్చిన అమ్మ. బయట చలి, లోపల పిల్లల గోల. ఆ రెంటి మధ్య నలిగినవాడు ఆశువుగా అన్నమాట కనుక వ్యాఖ్యానం తప్పదు.

మూలం: “ఒక్క రాత్రేగా! అందరం నీళ్లలో ఆడుకుని వచ్చేద్దాం.”

‘ఒక్క రాత్రేగా’. రాత్రి, ఏ, గా అని విడదీయాలి. ‘ఏ’ అవధారణార్థకం. ‘గా’ అంటే కదా. భార్య అనుమతి కోసం దేబిరింపు. రాత్రి అనగా రెండు పగళ్లు. గది ఇచ్చేది సాయంత్రం 4కి, ఖాళీ చేయించేది మర్నాడు 11కి. కానీ వాటర్‌పార్కులోకి గది రాకముందే దిగవచ్చు, గది పోయాకా ఉండవచ్చు. ఇక ‘ఒక్క’ అన్నది గది అద్దెకే వర్తిస్తుంది. రిసార్ట్ ఫీజు, పన్ను అధ్యాహారం చేసుకోవాలి. పూర్వం ఈ ఫీజు డబ్బు కట్టే పేజీలో గానీ దర్శనమిచ్చేది కాదు. తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధన 2025 మే 12న అమల్లోకి వచ్చింది. దానివల్ల కర్తకు గుండె ముందుగానే జారుతోంది, అంతే.

‘అందరం నీళ్లలో’. ఇదీ అసలు చిక్కు. గంగలో గొల్లపల్లె అంటే గంగ ఒడ్డున పల్లె అని ఆలంకారికులు లక్షణార్థం చెప్పారు. ఇక్కడా అంతే: పిల్లల విషయంలో ‘నీళ్లలో’ అంటే నీళ్లలోనే; అమ్మ విషయంలో ఒడ్డున కుర్చీలో. ఈ వాక్యానికి లక్ష్యమైన ఆ లాడ్జ్ 2007 డిసెంబరులో తెరుచుకుంది. దీని మూలం విస్కాన్సిన్ డెల్స్‌లో 1997లో వెలిసిన బ్లాక్ వుల్ఫ్ లాడ్జ్. వేసవి యాత్రికుల మీద బతికే ఆ ఊళ్లో చలికాలం ఈత సాగాలంటే కొలను మీద కప్పు వేయక తప్పదు. లోపల ఏడాది పొడుగునా 84 డిగ్రీల ఫారన్‌హీట్, మన లెక్కన 29. అయినా అమ్మ చీర మీది స్వెటర్ విప్పదు. ఒళ్లో నాలుగు తువ్వాళ్లు, మూడు ఫోన్లు, కోడలి కళ్లజోడు. గంట మోగుతుంది, పైన వేలాడే వెయ్యి గాలన్ల నీళ్ల బకెట్, అంటే సుమారు 3,800 లీటర్లు, పిల్లల నెత్తిన ఒలుకుతుంది. జల్లు స్వెటర్ దాకా వస్తుంది. “మన ఊళ్లో ఇన్ని నీళ్లయితే వారం వాడుకుంటాం” అంటుందామె. ఈ వాక్యానికి వ్యాఖ్య అక్కర్లేదు.

‘ఆడుకుని’. ఇక్కడ ఒక పాఠాంతరం: ‘క్లోరిన్ వాసన వస్తోంది, నీళ్లు శుభ్రంగా ఉన్నట్టే’ అని కొందరు తండ్రులు. అది అపపాఠం. ఘాటుగా కొట్టేది క్లోరమైన్ల వాసన. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు అవి పుడతాయి. కప్పు కింద గాలి సరిగా ఆడకపోతే కళ్లు మండిస్తాయి. నీళ్లలోకి దిగేముందు ఒక్క నిమిషం షవర్ కింద నిలబడితే చాలా వరకు తగ్గుతుంది. ఈ సూత్రాన్ని పిల్లలు లెక్కచేయరు, పెద్దలు చదవరు.

గదిలో మైక్రోవేవ్, చిన్న ఫ్రిజ్ ఉంటాయి కాబట్టి పులిహోర, పెరుగన్నం గురించి వేరే టీక రాయనక్కర్లేదు.

‘వచ్చేద్దాం’. వచ్చు ధాతువు ఇక్కడ భవిష్యదర్థంలో నిలిచిపోయింది. గది ఖాళీ చేశాక కూడా “ఇంకొక్క స్లైడ్” అన్నమాట పదకొండుసార్లు వినబడుతుంది. తడి బట్టల మూట కారు డిక్కీలో చేరేసరికి చీకటి పడుతుంది.

తాత్పర్యం: నాన్న అన్నది ఒకటి, జరిగింది మరొకటి. గది తాళంగా పనికొచ్చిన చేతిపట్టీని చిన్నది సోమవారం కూడా కత్తిరించనివ్వలేదు. దాంతోనే బడికి వెళ్లింది.