సటీకాతాత్పర్య ఎస్కలేషన్ మెయిలు

అవతారిక: గచ్చిబౌలిలో ఒక అద్దాల మేడ, అందులో ఆరో అంతస్తు. అక్కడ ఏడుగురం కూర్చుని న్యూజెర్సీలోని ఒక బ్యాంకుకు అప్పు వాయిదాలు కట్టించుకునే పేజీ తయారు చేశాం. వారం వారం పంపే స్టేటస్ షీటులో మా ప్రాజెక్టు ఎప్పుడూ ఆకుపచ్చే. ఇలాంటి దాన్ని ఐటీ వాళ్ళు పుచ్చకాయ అంటారు: పైకి పచ్చన, కోస్తే ఎర్రన. గురువారం రాత్రి రిలీజు. శుక్రవారం తెల్లారేసరికి కాయ కోసుకున్నాం. బటన్ నొక్కాక పేజీ కదలడం లేదని ఇంకోసారి నొక్కిన కస్టమర్లందరి ఖాతాల్లోనూ వాయిదా రెండుసార్లు కోతపడింది. ఆ మధ్యాహ్నం మా మేనేజర్ కలం నుంచి, అంటే కీబోర్డు నుంచి, ఈ గ్రంథం వెలువడింది.

మూలం:

డియర్ ఆల్,
యాజ్ పర్ మై ట్రెయిలింగ్ మెయిల్, ది ఇష్యూ వాజ్ ఆల్రెడీ హైలైటెడ్. లెట్ అజ్ నాట్ గెట్ ఇన్‌టు ఎ బ్లేమ్ గేమ్. యాడింగ్ సర్ ఫర్ విజిబిలిటీ. టీమ్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ బై ఈఓడీ.
రిగార్డ్స్

వ్యాఖ్యాత మనవి: కాళిదాస కావ్యాలకు 'సంజీవని' రాసిన కోలాచల మల్లినాథ సూరిది మన మెదక్ వైపు కొల్చారం. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. ఆఫీసు మెయిలుకు టీక రాసేవాడు ఆ నియమానికి కట్టుబడితే కాగితం తెల్లగానే మిగులుతుంది. మూలంలో లేనిదే ఇక్కడ అసలు విషయం. కాబట్టి సూరిగారికి దూరం నుంచే దండం పెట్టి మొదలుపెడుతున్నాను.

విభక్తి నిర్ణయం: మెయిలుకు మూడు గడులు. 'టూ' అన్నది చతుర్థి, కొఱకున్, కై. పని ఎవరి నెత్తిన పడాలో వాళ్ళ పేర్లు అక్కడుంటాయి. 'సీసీ' తృతీయ, తోడన్, తోన్. పని చేయకుండా తోడుగా నిలబడి చూసేవాళ్ళు. 'బీసీసీ' పంచమి. వలనన్. పులి వలన భయం అన్నప్పటి వలన. అక్కడ ఎవరున్నారో మనకు కనబడదు, అందుకే భయం.

సీసీ అంటే కార్బన్ కాపీ. 1806లో ఇంగ్లండులో రాల్ఫ్ వెడ్జ్‌వుడ్ పేటెంటు తీసుకున్న కార్బన్ కాగితం నుంచి వచ్చిన మాట. టైపు మిషన్ల కాలంలో నాలుగో కాపీకే అక్షరాలు వెలిసిపోయేవి. అందుకని ఎవరికి కాపీ వెళ్ళాలో గుమాస్తా కాస్త ఆలోచించేవాడు. ఇప్పుడు నలభయ్యో కాపీ కూడా మొదటిదంత నల్లగా ఉంటోంది. ఆలోచించే పని తప్పింది.

టీక:

డియర్ ఆల్ = ఓ సమస్త జనులారా. సంబోధన. మామూలు రోజుల్లో మా మేనేజర్ పేరు పెట్టి, చివర ఒక నవ్వు బొమ్మ పెట్టి రాస్తారు. 'ఆల్' అని వచ్చిందంటే అందులో ఒక్కరి కోసమే వచ్చిందని గ్రహించాలి.

యాజ్ పర్ మై ట్రెయిలింగ్ మెయిల్ = కింద వేలాడుతున్న నా పాత ఉత్తరం ప్రకారం. ఎంత కిందికి పోతే దొరుకుతుందో చెప్పకపోవడం ఈ ప్రయోగంలోని సొగసు. ఇరవై మూడు మెయిళ్ళ కిందికి దిగేంత తీరిక మేనేజర్ పై అధికారైన సర్‌కు ఉండదని కవి హృదయం.

వాజ్ ఆల్రెడీ హైలైటెడ్ = ముందే ఎత్తి చూపబడెను. కర్మణి ప్రయోగం. 'బడు' ధాతువు తెలుగుకు అంతగా పొసగదని మన వ్యాకరణ మేష్టార్లు ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఆఫీసులో మాత్రం క్రియలన్నీ పడుతూనే ఉంటాయి: చెప్పబడింది, గమనించబడింది, పంపబడింది. కర్త ఎవరన్నది అడగకూడదు. కర్మ మాత్రం ఎవరో ఒకరు అనుభవించి తీరాలి.

ఎవరు ఎత్తి చూపారు, ఎవరికి? తీరిక ఉన్న వ్యాఖ్యాతను కనుక ఇరవై మూడు మెయిళ్ళూ దిగి చూశాను. రిలీజుకు పద్దెనిమిది రోజుల ముందు, బటన్ రెండుసార్లు నొక్కితే డబ్బు రెండుసార్లు పోతోందని మా టెస్టింగ్ అమ్మాయి టికెట్ పెట్టింది. దాని కింద మేనేజర్ గారి స్వహస్తం: 'నైస్ క్యాచ్. లెట్ అజ్ పార్క్ దిస్ ఫర్ నౌ.' ఎత్తి చూపినది ఆ అమ్మాయి. పార్కింగ్ చేసినది వీరు. ఒక్క కర్మణి ప్రయోగంతో ఇద్దరూ మాయమయ్యారు చూడండి, పాణిని కూడా ముక్కున వేలేసుకుంటాడు.

లెట్ అజ్ నాట్ గెట్ ఇన్‌టు ఎ బ్లేమ్ గేమ్ = ఒకరినొకరు నిందించుకోవద్దు. ఇది ఆక్షేపాలంకారం. చెప్పదలచినదాన్ని చెప్పనని వెనక్కి లాగి, ఆ లాగడంలోనే చెప్పేయడం. 'పెళ్ళివారి వంటల గురించి నేనేం మాట్లాడనమ్మా' అన్న మేనత్త మాట దీనికి లోకంలో ఉదాహరణ.

యాడింగ్ సర్ ఫర్ విజిబిలిటీ = చూపు కోసం సర్‌ను చేర్చుతున్నాను. ఎవరి చూపు? ఇక్కడ ఆగాలి. పొద్దుగుంకింది అనే మాట ఒక్కటే అయినా పశువుల కాపరికి మందను మళ్ళించమని, దొంగకు బయల్దేరమని, పూజారికి సంధ్య వార్చుకోమని తోస్తుందని ఆలంకారికులు వ్యంజనను వివరిస్తారు. ఈ వాక్యమూ అంతే. సర్‌కు: ఇక దీనికి మీరూ బాధ్యులే. టెస్టింగ్ అమ్మాయికి: జీతం హైకుకు ముందు నీ పేరు ఆయన కంట పడింది. మా లీడ్‌కు: నీకు ఫోన్ వస్తుంది, ఎత్తు. నాకు: శనివారం పోయింది.

ఇంకో ఫోన్ మెయిలుకు ముందే వెళ్ళింది, టెస్టింగ్ అమ్మాయికి. 'నువ్వేం మనసులో పెట్టుకోకమ్మా, మెయిల్ ఫార్మాలిటీకి పెడుతున్నా' అని ఆ అమ్మాయితో మేనేజర్ అన్నారట. సంకట సమయంలో ఆఫీసుకు రెండు భాషలు. ఫోనులో తెలుగు, మెయిలులో ఇంగ్లీషు. మన్నింపు మొదటిదానిలో, సాక్ష్యం రెండోదానిలో. మన్నింపుకు రికార్డు లేకపోవడం యాదృచ్ఛికం కాదని నా గట్టి నమ్మకం.

టీమ్ = జట్టు. ఏకవచనమా, బహువచనమా అని శంక. ప్రశంసలప్పుడు ఈ మాట ఏకవచనం, ఎవరిదో చెప్పనక్కర లేదు. నిందలప్పుడు బహువచనం. ఈ వ్యాఖ్యాత అందులో ఏడో వంతు.

కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ = దయచేసి కావలసినది చేయుడు. ఇంగ్లీషు దొరలు ఎప్పుడో వదిలేసినా మన కచేరీలు వదలని మాట. కావలసినదేమిటో చెప్పదు, రూపం లేదు, గుణం లేదు, కానీ అంతటా ఉంటుంది. ఉపనిషత్తులు దీన్నే వేరే పేరుతో పిలిచాయి.

బై ఈఓడీ = దినాంతమునకు. శ్లేష. హైదరాబాదు దినాంతమా, న్యూజెర్సీ దినాంతమా? అక్కడ సాయంత్రం ఆరు అంటే ఇక్కడ తెల్లవారుజామున మూడున్నర; చలికాలమైతే నాలుగున్నర. క్లయింటుతో మాట్లాడేటప్పుడు మొదటి అర్థం, మాతో మాట్లాడేటప్పుడు రెండో అర్థం చెప్పుకోవాలి.

రిగార్డ్స్ = ముందున్న 'వార్మ్' రాలిపోయింది. ఉష్ణోగ్రత అంతే.

విశేషాలు: మెయిలు చూసి సర్ కదిలారు. కదిలి, మరో ప్రాజెక్టు నుంచి నలుగురిని, మాలో ఐదుగురం ఉన్న కాల్‌లోకి పంపారు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషుల్ని కలిపితే ఇంకా ఆలస్యమవుతుందని ఐబీఎంలో ఓఎస్/360 పనిని నడిపించి దెబ్బలు తిన్న ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే పుస్తకం రాశాడు. ఐదుగురి మధ్య మాట్లాడుకునే జంటలు పది; తొమ్మిదిమంది అయితే ముప్పై ఆరు. మా కాల్‌లో ఆ ముప్పై ఆరూ మోగాయి. మొదటి గంటంతా కొత్తవాళ్ళకు యాక్సెస్ ఇవ్వడానికే సరిపోయింది. 'యామ్ ఐ ఆడిబుల్?' అన్నది ఆ రాత్రి పల్లవి.

టెస్టింగ్ అమ్మాయి మాత్రం మెయిలుకు జవాబు రాసింది. మూడే మూడు: టికెట్ నంబరు, పెట్టిన తేదీ, పార్క్ చేసిన తేదీ. విశేషణం లేదు, క్రియ కూడా లేదు. 'రిప్లై ఆల్' కొట్టే ముందు నన్ను పిలిచి, 'అన్నా, ఇంకేమైనా కలపాలా?' అని అడిగింది. వద్దన్నాను. నా పదకొండేళ్ళ సర్వీసులో ఇచ్చిన మంచి సలహా అదొక్కటేనేమో. విశేషణం పెట్టి ఉంటే దాని మీద చర్చ జరిగేది. తేదీ మీద చర్చ జరగదు.

లోపం సరిచేసింది ఎవరన్నది మూలంలో లేదు. ఎనిమిది నెలల కింద చేరిన ఒక కుర్రాడు. కొండాపూర్ హాస్టల్లో మంచం మీద కూర్చుని, ప్రతి చెల్లింపుకూ ఒక గుర్తు సంఖ్య తగిలించి, అదే సంఖ్య రెండోసారి వస్తే తిప్పి పంపేలా పదకొండు లైన్లు రాశాడు. అతని పేరు టూలో లేదు, సీసీలో లేదు. డిస్ట్రిబ్యూషన్ లిస్టులో ఇంకా ఎక్కించలేదట. అందుకే అతనికి పని చేసుకునే తీరిక దొరికింది.

తాత్పర్యం: ఓ సర్! కొంప అంటుకుంది. అగ్గిపెట్టె నా జేబులో లేదు. ఉన్నా, ఉందని ఎవరో ముందే చెప్పారు. చెప్పినవారు ఇదిగో ఇక్కడే ఉన్నారు. నీళ్ళు తెమ్మని అందరికీ చెప్పాను. మీరు చూస్తుండగా చెప్పాను.

ఉత్తర భాగం: రాత్రి 11.52కు సర్ దగ్గర నుంచి జవాబు వచ్చింది. ఒకటే మాట. 'నోటెడ్.'

పన్నెండింటికి నా ఫోన్ మోగింది. మేనేజర్. గొంతు తగ్గించి అడిగారు: 'మెయిల్ చూశావా? నోటెడ్ తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టారు. మామూలుగా పెట్టరు కదా?'