జోడు జ్వరాలు ముదరబెట్టుకోవడం ఎలా? కోనసీమవారికి ఎనిమిది కిటుకులు

సార్వా ఊడ్పులు అయ్యాయి, వానలు పోలేదు. మంచం ఎక్కడానికి మంచి అదను. ఎలుకల జ్వరమనే లెప్టోస్పైరోసిస్, స్క్రబ్ టైఫస్ రెండూ ఒకేసారి తెచ్చుకుని, ఏ డాక్టరుకీ దొరక్కుండా ఐసీయూ చేరే దారి ఇదిగో. ఆయ్, కష్టపడక్కర్లేదండి.

1. వట్టి కాళ్లతో దిగండి. బోదెలోనైనా, వరద నీట్లోనైనా సరే. వేళ్ల సందులు ఒరిసిపోయి ఉంటే మరీ మంచిది. ఎలుకల, పశువుల మూత్రం కలిసిన నీళ్లలోంచి లెప్టోస్పైరా ఆ పుండ్లగుండానే లోపలికి వస్తుంది. 2022 జులైలో లాగా గోదారి మళ్లీ లంకల్ని ముంచితే, బూట్లు అటక మీద భద్రంగా దాచండి.

2. కొబ్బరి తోటలో చొక్కా విప్పి గడ్డి మీద కునుకు తీయండి. స్క్రబ్ టైఫస్‌ని అంటించేది గడ్డిలోని చిగ్గర్ పురుగే. అది కంటికి ఆనదు, కుట్టినా తెలీదు. గడ్డి కోసే పని మానేస్తే ఎలుకలకీ నీడ దక్కుతుంది.

3. చేసిన పని మర్చిపోండి. జ్వరం సాధారణంగా ఒకటి రెండు వారాలకి గానీ రాదు. ‘చేలో దిగారా?’ అని డాక్టరుగారు అడిగితే, ‘అబ్బే, ఇంటిపట్టునే ఉన్నానండి’ అనండి.

4. మచ్చ దాచండి. చంకలోనో గజ్జల్లోనో చుట్టతో చురకపెట్టినట్టు నల్లగా చెక్కు కట్టిందంటే అది స్క్రబ్ టైఫస్ ఆనవాలు. నొప్పి ఉండదు కాబట్టి చూపించక్కర్లేదు. అందరికీ మచ్చ రాదు. రాకపోతే ‘మచ్చ లేదు, జబ్బూ లేదు’ అని తేల్చేయండి.

5. లక్షణాలని విడగొట్టండి. కళ్లెర్రబడితే కళ్లకలక. పిక్కలు పీకితే ఊడ్పుల నొప్పులు. పచ్చకామెర్లయితే పసరు. ప్లేట్‌లెట్లు పడిపోతే డెంగీ అని బొప్పాయాకు రసం. అన్నీ ఒకే మనిషివని ఎవరికీ తట్టకూడదు.

6. వైడాల్ పరీక్ష ఒక్కటే చేయించండి. టైఫాయిడ్ అనిపించుకుని ఊళ్లోనే సెలైన్ ఎక్కించుకోండి. అమలాపురం బస్సు ఛార్జీ మిగులుతుంది.

7. ఒక జబ్బు దొరగ్గానే రెండోదాన్ని వెతకనివ్వకండి. అసలు కిటుకు ఇదే. పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు ఎలుకల జ్వరం మీద పనిచేస్తాయి. కణాల లోపల దాక్కున్న స్క్రబ్ టైఫస్‌ని మాత్రం ముట్టుకోవు. ఇంకో పరీక్ష రాస్తే ‘డబ్బు గుంజడానికే’ అనండి. మొదటి రోజుల్లో నెగెటివ్ రావడం మామూలే. ఆ కాగితం పటం కట్టించండి.

8. డాక్సీసైక్లిన్‌తో జాగ్రత్త. ఈ చవక మందు రెండు జబ్బుల మీదా పనిచేస్తుంది. అనుమానం రాగానే, రిపోర్టు రాకముందే డాక్టరు మొదలెట్టారా, స్క్రబ్ టైఫస్ జ్వరం తరచూ రెండు రోజుల్లోనే జారిపోతుంది. మన శ్రమంతా గోదారిపాలు! అందుకే రెండు గోళీలు వేసుకుని మానేయండి.

ఇవన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తే మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు వరసగా సెలవు పెడతాయి. ఓపీ చీటీతో పోయేదానికి కాకినాడలో వెంటిలేటర్ వాడాల్సివస్తుంది, తోట తాకట్టులోకి వెళుతుంది. ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే, ‘ఏదో విషజ్వరమండి’ అనండి. అంతకన్నా ఎవరూ అడగరు.