జన్యుపత్ర మాహాత్మ్యము

మనోవ్యాధికి మందు వ్రాయుట యిన్నాళ్లును మిక్కిలి యనాగరికమైన పద్ధతిని జరుగుచుండెను. వైద్యుడు రోగిని కూర్చుండబెట్టి, నిద్ర యెట్లున్నదని, ఆకలి యెట్లున్నదని, ఇంటివారితో మాటలాడుచున్నాడా లేదా యని యడిగి, ఒక మాత్ర వ్రాసియిచ్చి, కొన్ని వారములు వేచిచూచి, చాలకున్న మోతాదు పెంచి, పడకున్న మందు మార్చి, మరల వేచియుండెడివాడు. ఇట్టి దీర్ఘప్రయాసనుండి మానవజాతి నుద్ధరించుటకై యిప్పుడు జన్యుపరీక్ష యవతరించినది. బుగ్గ లోపల దూదిపుల్ల నొక్కమారు త్రిప్పి పంపినచో రంగురంగుల పత్రమొకటి వచ్చునట. అందు ఆకుపచ్చ గడిలోని మందు హితము, పసుపు గడిలోనిది సందిగ్ధము, ఎరుపు గడిలోనిది వర్జ్యము. ఇక వైద్యుడు మాటలాడనక్కరలేదు. రోగి యంతకంటె మాటలాడనక్కరలేదు.

ఆంధ్రా పారిస్ అను బిరుదు వహించిన తెనాలికి ఇట్టి నాగరికత రాకుండుట యెట్లు? తెనాలికి వచ్చినది బాపట్లకును రేపల్లెకును రాక మానునా? 1913లో బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ కూడిన పిదప ఆంధ్ర రాష్ట్రము చేతికందుటకు నలువదియేండ్లు పట్టినది. మనశ్శాంతికి కూడ అంత జాగు చేయవలెనా యని విక్రేతల ప్రశ్న.

పత్రమున నిజము లేకపోలేదు. కాలేయమున సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 అను ఎంజైములు కలవు. రిస్పెరిడోన్, నార్ట్రిప్టిలీన్ వంటి మందులను మొదటిదియు, ఎస్సిటలోప్రామును ప్రధానముగా రెండవదియు విరిచి వెడలించును. పుట్టుకతోనే వీని పని మందగించిన వారికి సామాన్యమైన మోతాదే రక్తములో నధికమై బాధింపవచ్చును. ఇది శాస్త్రము, కాదనువాడు మూర్ఖుడు. కాని, మందు ఒడలినుండి యెంతవేగమున వెడలిపోవునో చెప్పగల విద్య, ఆ మందు దిగులు తీర్చునో తీర్చదో కూడ చెప్పగలదని చాటుట యేమి తర్కము? తెనాలి జంక్షనులో నిలిచిన బండి గంటకెన్ని మైళ్లు పోగలదో తెలిసినంతమాత్రమున, అది రేపల్లెకు పోవునో బాపట్లకు పోవునో తెలిసిపోవునా?

ఆ వేగమైనను స్థిరమా యన్నచో, అదియును గాదు. రేపల్లె ప్రక్క పల్లెలో చుట్ట విడువని పెద్దాయన యొకడు క్లోజపీను అను మనోవ్యాధి మందు వాడుచున్నాడనుకొందము. పొగాకు పొగ సీవైపీ1ఏ2 అను మరియొక ఎంజైమును రెచ్చగొట్టి ఆ మందును త్వరత్వరగా హరింపజేయును. ఆయన యేదో జబ్బుచేసి ఆసుపత్రిలో చేరి, అచ్చట చుట్టకు నోచుకొనక వారము గడపెనా, అదే మోతాదునకు రక్తములో మందు పెరిగి కూర్చున్నచోటనే తూగును; ఇంటికి వచ్చి చుట్ట ముట్టించెనా, మరల తగ్గును. జన్యువులు మాత్రము పుట్టిననాటివే. ఫ్లూఆక్సెటీను సంగతి మరియు విచిత్రము: సీవైపీ2డీ6ను ఆ మాత్రయే యణచివేయును గనుక, పత్రమున సామాన్యుడని ముద్రపడినవాడు మాత్ర మ్రింగుచు మ్రింగుచునే మందగామియై కూర్చుండును. ఈ వార్త పత్రమునకు చేరవేయువారెవ్వరు?

"డాక్టరుగారూ, రిపోర్టు పచ్చగానే వచ్చిందండీ, కాని మావాడు మాత్రలన్నీ దిండు కిందే దాస్తున్నాడండీ" అని యొక తల్లి వచ్చి మొరపెట్టుకొన్నచో ఏ గడిని చూచి బదులు చెప్పవలెను? దిండుక్రింది మాత్రను విరుచు ఎంజైము ఇంతవరకు కనిపెట్టబడలేదు.

పరీక్షను పరీక్షించినవారు లేకపోలేదు. అమెరికాలో జీన్‌సైట్ అను పత్రమును గూర్చి 1,167 మంది దిగులురోగులపై జరిపి 2019లో ప్రకటించిన పరిశోధనలో, ఎనిమిది వారములకు రోగలక్షణములు పత్రము చూచి చికిత్స పొందినవారిలో నూటికి 27.2 వంతులును, చూడకయే పొందినవారిలో 24.4 వంతులును తగ్గినవి. ముందుగా ముఖ్యమని తామే నిర్ణయించుకొన్న ఈ కొలతలోని తేడా, యాదృచ్ఛికము కాదని చెప్పుటకు చాలలేదు. అందుచేత విక్రేతలు తక్కిన కొలతలను కీర్తించిరి. 2022లో జామా పత్రిక ప్రకటించిన పరిశోధనలో 1,944 మంది మాజీ సైనికులలో పత్రము చూచి చికిత్స పొందినవారికి నడుమ కొన్నాళ్లు స్వల్పమైన మేలు కానవచ్చి, 24వ వారమునకు ఆ తేడా నిలువలేదు. ఇట్టి పరీక్షలలో పెక్కింటి మాటలకు తగిన ఆధారము లేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లోనే హెచ్చరించినది. మన యూళ్లకు సరకు వచ్చునప్పుడు హెచ్చరిక మాత్రము వెంట రాదు.

జన్యువును చూచి మందు విషయమున జాగ్రత్తపడవలసిన ఘట్టములు నిక్కముగా కలవు. ఒకటి మన తెలుగుదేశముననే కలదు. శస్త్రచికిత్సకు మునుపు కండరములు సడలుటకై యిచ్చు సక్సినైల్‌కోలీన్ సాధారణముగా కొన్ని నిమిషములలో దిగిపోవును. వైశ్య సమాజమున కొందరికి దానిని విరుచు ఎంజైము పుట్టుకతోనే కొరవడుటచే, ఊపిరి గంటలతరబడి యంత్రాధీనమగును. ఈ లోపము వారిలో ఇతరులకంటె నెన్నోరెట్లు హెచ్చని హైదరాబాదు సీసీఎంబీ శాస్త్రజ్ఞులు పాల్గొనిన 2017 నాటి పరిశోధన వివరించినది. ఒక జన్యువు, ఒక మందు, ఒక అపాయము. కార్బమజిపీను అను మందు వాడుటకు ముందు హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 అను జన్యురూపము కలదేమో చూచుటయు నిట్టిదే. అది చర్మమూడిపోవు ఘోరవ్యాధినుండి కాపాడును. వీనికి రంగులు లేవు, అమ్మకపు ఆర్భాటమును లేదు.

2015-16లో నిమ్హాన్స్ సంస్థ 12 రాష్ట్రములలో జరిపిన మానసికారోగ్య సర్వేలో, వ్యాధిని బట్టి నూటికి 70 మొదలు 92 మంది వరకు చికిత్సయే యందనివారని తేలినది. ఏ మందు మేలని యెంచుకొను చిక్కు వారికింకను రాలేదు. ఆ భాగ్యము కలిగి, వేలు వెచ్చించి పత్రము కొనువారి పక్షమున విక్రేతలకు నాదొక్కటే మనవి: 27.2, 24.4 అను అంకెలను కూడ ఆ గడుల నెత్తిమీద, మందుల పేర్లంత పెద్ద యక్షరములలో అచ్చువేయింతురు గాక. రంగు వారి యిష్టము.