మా ట్యాంకు నిండదండీ!

కొత్త ఇల్లు కట్టినవాళ్లు ఇల్లు చూపించడంలో ఒక వరుస ఉంటుంది. ముందు టేకు సింహద్వారం, తర్వాత మాడ్యులర్ కిచెన్, ఆపైన పూజగది. అన్నీ అయ్యాక కాఫీ కప్పు కింద పెడుతూ, గొంతు కాస్త తగ్గించి ఇంటాయన అసలు గొప్ప బయటపెడతాడు: "సెప్టిక్ ట్యాంకు కూడా బ్రహ్మాండంగా కుదిరిందండీ. మా పాతింట్లో ఇరవై ఏళ్లు నిండలేదు. ఇదీ అదే మేస్త్రీ చేత కట్టించాను." వింటున్నవాళ్లు పెట్టిపుట్టారన్నట్టు తలూపుతారు. పుణ్యాత్ముల ఇంట ట్యాంకు నిండదనే నమ్మకం ఏదో కొత్తగా బయల్దేరినట్టుంది.

సరిగా కట్టిన ట్యాంకు గృహప్రవేశానికి కట్టిన మామిడి తోరణం ఎండేలోపే నిండిపోతుంది. నిండి తీరాలి. ఐదుగురున్న ఇంట్లో ఫ్లష్ నీళ్లు రోజుకు 200 లీటర్లు వేసుకోండి, 2,000 లీటర్ల ట్యాంకు పది రోజుల్లో గొట్టం మట్టానికి వస్తుంది. అక్కణ్ణుంచి ఇటు ఎంత వచ్చిపడితే అటు అంత బయటికి పోతుంది. దాని ఉద్యోగమే అది: మురుగును కనీసం ఒకటి రెండు రోజులపాటు కదలకుండా నిలబెట్టడం. బరువైనది అడుక్కి దిగుతుంది, జిడ్డు పైకి తేలి తెట్టు కడుతుంది, మధ్యలో మిగిలిన నీళ్లు ఇంకుడు గుంతకు పోతాయి. అడుగున చేరిన మడ్డిని గాలి అక్కర్లేని సూక్ష్మజీవులు తీరిగ్గా తింటూ కూర్చుంటాయి. అవి తినగా మిగిలింది కూడా తక్కువేం కాదు, మనిషికి ఏడాదికి సుమారు 75 లీటర్లని లెక్క. రెండు మూడేళ్లకోసారి బండిని పిలిచి తోడించాలనేది అందుకే.

మరి ఇరవై ఏళ్లు నిండని ట్యాంకు సంగతేమిటి? దానికి అడుగు లేదు. అంతే సంగతి.

ఈ మహత్తు వెనకాల ఉన్నది మేస్త్రీ. "సార్, కింద బెడ్డు వెయ్యొద్దు. వేస్తే రెండేళ్లకే బండి పిలుచుకోవాలి. వరలు దింపేసి అడుగున కంకర పోసి వదిలేద్దాం, జన్మలో నిండదు." ఇంటాయన కళ్లు మెరుస్తాయి. కాంక్రీటు ఖర్చు మిగిలింది, బండి ఖర్చు మిగిలింది, ఆలోచించే శ్రమ కూడా మిగిలింది. పల్లెల్లో కట్టే రెండు గుంతల మరుగుదొడ్డి కూడా ఇంకేదే కదా అని ఎవరైనా అడగొచ్చు. ఇంకేదే, నిజమే. కానీ అది చెంబెడు నీళ్లతో నడుస్తుంది. ఒక గుంత నిండాక రెండోదానికి మళ్లించి, మొదటిది మట్టిలా మారేదాకా ఆగి తీస్తారు. మూడు అటాచ్డ్ బాత్రూములు, మీట నొక్కితే బకెట్‌కు తక్కువ కాకుండా దూకే నీళ్లు పెట్టుకుని, ఆ పల్లె గుంత పేరు చెప్పుకుంటే ఎలా?

ఇక ట్యాంకు ఎంత ఉండాలి, ఎక్కడుండాలి అనేదానికి మన దేశంలో ఐఎస్ 2470 అనే ప్రమాణం ఉంది. కనీసం 1,000 లీటర్లు పట్టాలని, వెడల్పు ముప్పావు మీటరుకు, నీటిలోతు మీటరుకు తగ్గకూడదని, పొడవు వెడల్పుకు రెండింతల నుంచి నాలుగింతల దాకా ఉండాలని రాసిపెట్టారు. దాన్ని తెరిచి చూసిన గృహస్థు నాకింతవరకు తగల్లేదు. కానీ సిద్ధాంతిగారిని అడగని గృహస్థు కూడా తగల్లేదు. ఫ్రాన్స్‌లో లూయీ మురా ఈ ట్యాంకుకు పేటెంటు తీసుకున్నది 1881లో. ఇంగ్లండులోని ఎక్సెటర్ పట్టణంలో డొనాల్డ్ కామెరాన్ దానికి ఇప్పుడున్న పేరు పెట్టింది 1890ల్లో. అయినా మయుడి కాలం నుంచే దీనికొక దిక్కు కేటాయించి ఉందని మనవాళ్లు ఎలా కనుక్కున్నారో గానీ, ఎక్కువమంది చెప్పేది ఇదే: ఈశాన్యంలో బోరు, వాయవ్యంలో ట్యాంకు.

బాగుంది. ఇప్పుడు ఒక కాగితం మీద పక్కపక్కన రెండు ప్లాట్లు గీయండి. మీ ఇంటికి తూర్పున సుబ్బారావుగారి ఇల్లు. ఆయన వాయవ్య మూల ఎక్కడికొచ్చింది? సరిగ్గా మీ ఈశాన్య మూలను ఆనుకుని. ఆయన ట్యాంకుకు, మీ బోరుకు మధ్య ఉన్నదల్లా ఒక కాంపౌండ్ వాల్. మీ ట్యాంకేమో పడమటింటి వాళ్ల బోరు పక్కన కాపురం ఉంటుంది. ఇలా వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా శాస్త్రోక్తంగా ఒకరి వాయవ్యం ఇంకొకరి ఈశాన్యంలోకి ఇంకుతూ ఉంటుంది. ఒక్క ఇంట్లో కూడా వాస్తు దోషం ఉండదు.

ఇంకుడు గుంత తాగునీటి బావికి కనీసం 18 మీటర్ల దూరంలో ఉండాలంటుంది ఆ ఐఎస్ 2470. అంటే దాదాపు 60 అడుగులు. మన ఊళ్లలో 200 గజాల ప్లాటు కొలత 30 అడుగులకు 60 అడుగులు. స్థలం పొడవంతా టేపు పరిస్తే తప్ప ఆ దూరం రాదు. మీ బోరూ మీ గుంతా ఎదురెదురు మూలల్లో పెట్టుకున్నా పక్కవాళ్ల గుంత మీ చెంతనే ఉంటుంది. కాబట్టి ఈ లెక్క ఇంటికింటికీ విడివిడిగా తేలేది కాదు. 300 ప్లాట్లు గీసి, తారురోడ్డు వేసి, ఆర్చి కట్టి, దాని మీద రెండు ఏనుగులు నిలబెట్టిన వెంచర్ వాళ్లు నేల కింద ఒక మురుగు పైపులైను, చివర్లో ఒక శుద్ధి కేంద్రం ఎందుకు పెట్టలేదని కొనేటప్పుడే అడగాల్సింది. అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "యూజీడీ వచ్చేస్తుంది సార్, శాంక్షన్ అయిపోయింది." ఆ మాట నమ్మి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్ల పిల్లలు ఇప్పుడు అదే మాట చెప్పి ప్లాట్లు అమ్ముతున్నారు.

మురుగు ఇంకిన చోట నీళ్లలో నైట్రేటు పెరుగుతుంది. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటిన నీళ్లు పాలు తాగే వయసు పసిపిల్లలకు ముఖ్యంగా ప్రమాదం. కాచినంత మాత్రాన పోయేది కాదది, నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. అందుకని ఇంటాయన ఆర్వో మెషీను కొంటాడు. బెడ్డు మీద మిగిల్చిన డబ్బు ఫిల్టర్ల మీద వాయిదాల్లో కడతాడు. "మా ఏరియాలో నీళ్లు అస్సలు బాగోవండీ" అని నీళ్ల మీద నింద కూడా వేస్తాడు.

ఇరుగుపొరుగు పట్ల కాస్త పాపభీతి ఉన్నవాళ్లకు బజారులో వేరే సరుకుంది. "బయో ట్యాంకు సార్, మిలటరీ టెక్నాలజీ, జీవితాంతం క్లీనింగ్ లేదు." డీఆర్‌డీవో బయోడైజెస్టర్ చేసిన మాట, అది మంచుకొండల్లో కాపలా కాసే సైనికుల కోసం పుట్టిన మాట నిజం. అయితే దాని అవుట్‌లెట్ నుంచి కూడా నీళ్లు వస్తాయి, ఆ నీళ్లకూ ఒక దారి చూపాలి. ప్లాస్టిక్ ట్యాంకుల మీద నాకు కోపం లేదు, అడుగు ఉన్న వస్తువు కాబట్టి వరల కన్నా వెయ్యి రెట్లు నయం. కోపమల్లా ఆ 'జీవితాంతం' మీదే. ఎవరి జీవితాంతమో బిల్లు మీద రాయించుకోండి. ఇంకొందరు బ్యాక్టీరియా పొడి ప్యాకెట్లు అమ్ముతారు. నెలకొకటి వేస్తే మడ్డి మాయమట. మొదట్లో కాస్త మాగిన పేడ వేసుకోవచ్చని ఐఎస్ 2470లోనే ఉంది, ఆ తర్వాత కావలసిన బ్యాక్టీరియాను ఇంటిల్లిపాదీ ఉచితంగా రోజూ సరఫరా చేస్తూనే ఉంటారు. పైనుంచి ఈ పొడి, దాని వెనకాలే బాత్రూం తళతళలాడాలని సీసాడు యాసిడ్. మేపేదీ మనమే, చంపేదీ మనమే. మరీ డబ్బున్నవాళ్లు విల్లాకు మినీ ఎస్టీపీ, అంటే సొంత మురుగు శుద్ధి కేంద్రం, పెట్టించుకుంటారు. దానికి గాలి కొట్టే బ్లోయర్ రాత్రింబవళ్లు తిరగాలి. కరెంటు బిల్లు చూశాక స్విచ్ ఆపేస్తారు, అప్పుడది ఖరీదైన సెప్టిక్ ట్యాంకుగా స్థిరపడుతుంది.

ఇంతకీ ట్యాంకును ఎక్కడ దాస్తారు? దాస్తారనే అంటున్నాను. పోర్టికో కింద, మెట్ల కింద, మూతల మీద పార్కింగ్ టైల్స్ పరిచి, దాని మీద కారు పెట్టి. లోపలికి చూసే దారి ఉండకూడదు, ఉంటే ఇంటి అందం పోతుంది. గాలి గొట్టాన్ని కూడా ఎలివేషన్‌కు అడ్డమని కోసేసిన ఇళ్లున్నాయి. ఏదో ఒకనాడు బాత్రూములో నీళ్లు వెనక్కి తన్నుతాయి. బండి వస్తుంది. మూత ఎక్కడుందో ఇంటాయనకు గుర్తుండదు. టైల్స్ పగలగొట్టి తీశాక, గట్టిపడిన మడ్డి గొట్టానికి రాదు. అప్పుడు వినపడే మాట: "ఎవరినైనా దింపితే అయిపోతుంది కదా, ఓ ఐదొందలు ఎక్కువిద్దాం."

లోపల ఉండేది మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్. ఈ రెండోది మోతాదు మించితే ముందు ముక్కునే మొద్దుబారుస్తుంది, వాసన రావడం లేదు కదా అని దిగినవాడు పైకి రాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. నేరుగా దింపినా, కాంట్రాక్టరు చేత దింపించినా మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మురుగుకాలువల్లో చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014లో చెప్పిన సుప్రీంకోర్టు, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలు చేసింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఈ చావుల మీద దశాబ్దాలుగా పోరాడుతూనే ఉన్నాడు, 2016లో మెగసెసే అవార్డు కూడా వచ్చింది. పోర్టికో టైల్స్ ఎంచేటప్పుడు ఇదంతా ఎవరికి గుర్తొస్తుంది? మూత పైకి కనపడేలా, బండి గొట్టం అందేలా ట్యాంకును గేటు దగ్గర పెట్టిస్తే ఎవరూ దిగాల్సిన పని ఉండదు. కానీ గేటు దగ్గర మూత కనపడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు!

చిత్రమేమిటంటే ఇదే ఇంట్లో మంచినీళ్ల సంపు ఎలా కడతారో చూడండి. అడుగున బెడ్డు, చుట్టూ కాంక్రీటు గోడ, రెండు పూతల వాటర్‌ప్రూఫింగ్. నిండా నీళ్లు పట్టి, గోడ మీద సుద్దతో గీత గీసి, మర్నాడు మట్టం వేలెడు తగ్గిందంటే మేస్త్రీని నిలబెట్టి దులిపేస్తారు. మంచినీళ్లు బొట్టు కూడా భూమిలోకి పోకూడదన్నమాట. అదే పరీక్ష పక్కనున్న సెప్టిక్ ట్యాంకుకు కూడా చెయ్యమని మీ మేస్త్రీకి చెప్పి చూడండి. ముందు మీవంక జాలిగా చూస్తాడు. "దీనికి లీకేజీ ఉంటేనే మంచిది సార్," అంటాడు.