93 శాతం మావయ్య

మావయ్యతో మాట్లాడేటప్పుడు చేతులెక్కడ పెట్టుకోవాలో నాకు తెలియదు. కట్టుకుంటే "మనసులో ఏదో దాస్తున్నావు" అంటాడు. జేబులో పెట్టుకుంటే అప్పు చేశానంటాడు. వెనక్కి పెట్టుకున్నానో, "ఏం తప్పు చేసొచ్చావురా?" అసలు నేను చెప్పబోయేది అత్తయ్య బియ్యం నిండుకున్నాయంటోందని. అదొక్కటీ ఆయన చెవికెక్కదు.

ఇలాంటి వాళ్లు ఇప్పుడు ఊరికొకరు తయారయ్యారు. ఎక్కడో ఒకరోజు శిక్షణకు వెళ్తారు. టీ, బిస్కెట్లు అక్కడే అయిపోతాయి గానీ ఒక లెక్క మాత్రం ఇంటిదాకా వస్తుంది: మనిషి చెప్పేదాంట్లో మాటల వాటా 7 శాతమే, గొంతు 38, ముఖం 55. ఆ 7 శాతాన్ని జనానికి వదిలేసి, మిగిలిన 93 మావయ్య తన పేర రాయించుకున్నాడు.

ఆ లెక్క ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే అమెరికా ఆచార్యుడిది. 1967లో వచ్చిన రెండు ప్రయోగాలు దానికి మూలం. వాటిలో ఒకదాంట్లో ఉన్నది ‘మేబీ’ అనే ఒక్క ముక్క. దాన్ని రకరకాల గొంతుల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపించి, ఇష్టమో అయిష్టమో చెప్పమన్నారు. ఇష్టాయిష్టాలు చెప్పుకునే సందర్భానికి తప్ప ఈ సూత్రం పనికిరాదని ఆయనే రాసుకున్నాడు. చింతపండు బేరానికి పనికొస్తుందని ఎవరూ అనలేదు. మావయ్య అన్నాడు.

కోంటా వ్యాపారి ఒకాయన భేజ్జి సంతకు చింతపండు కొనడానికి పోతూ, మనుషుల్ని చదివిపెట్టడానికని మావయ్యను పిలిచాడు. మావయ్య నన్ను లాక్కెళ్లాడు. భద్రాచలం నుంచి చింతూరు మీదుగా 30వ నంబరు జాతీయ రహదారిలో పోతే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దాటగానే కోంటా, శబరి ఒడ్డున. ఇంకాస్త ముందుకెళ్లి ఇంజరం దగ్గర లోపలికి తిరిగితే భేజ్జి. అంతా సుక్మా జిల్లాయే. దోర్లా అనే కోయమాట, హిందీ, తెలుగు మూడూ కలగలిసిన చోటు.

ఆ వైపు జనం అడిగినదానికి గబుక్కున జవాబివ్వరు. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా మొదలైన సల్వాజుడుం ఇటు పాకాక ఎన్నో కుటుంబాలు ఊళ్లొదిలి ఖమ్మం అడవుల్లోకి వచ్చేశాయి. 2017 మార్చి 11న ఈ భేజ్జి దగ్గరే మావోయిస్టులు మాటువేసి చేసిన దాడిలో 12 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. ‘ఎవరొచ్చారు, ఎటెళ్లారు’ అని రెండు వైపుల నుంచీ అడిగించుకున్న మనుషులు, నోరు తెరిచేముందు ఎదుటివాణ్ని నెత్తి నుంచి గోటిదాకా చూసుకుంటారు. మావయ్యది ఒకరోజు శిక్షణ. వాళ్లది ఇరవై ఏళ్ల కోర్సు.

సంతలో ఒక అవ్వ బుట్ట దించింది. గింజ తీసి, పీచు తీసి, ముద్దలు చేసిన చింతపండు. వ్యాపారి ధర చెప్పాడు. అవ్వ పలకలేదు.

"మౌనం అర్ధాంగీకారం" అన్నాడు మావయ్య నా చెవిలో.

వ్యాపారి చింతపండు కాటా మీద పెట్టాడు. అవ్వ తల వంచి కిందికి చూసింది.

"నేలచూపు. సిగ్గు. మిగతా సగం కూడా ఒప్పేసుకుంది."

అవ్వ మెల్లగా "ఇల్లె" అంది.

"ఇల్లేనట! ఇంటి దగ్గర ఇంకా సరుకుందంటోంది. మొత్తం కొనెయ్!" మావయ్య మొహం వెలిగిపోయింది.

జీపు డ్రైవరు దగ్గు వచ్చినట్టు నటిస్తూ పక్కకి తిరిగాడు. కోయమాటలో ‘ఇల్లె’ అంటే కాదు, లేదు అని. నలభై ఏళ్లుగా సరిహద్దులో కాపురముంటూ మావయ్య ఆ ముక్క నేర్చుకోలేదు. మాటలు 7 శాతమే కదా, వాటి మీద అంత పెట్టుబడి ఎందుకనుకున్నాడేమో.

అవ్వ ఈసారి వేలు చూపించి గట్టిగా ఒకే మాట అంది: "కాలు."

అది తెలుగే, కోయే, ఏదైనా అదే. అందరం వంగి చూశాం. వ్యాపారి చెప్పు వదిలేసి ఉన్నాడు. బొటనవేలు కాటా పళ్లెం కిందికి దూరి, పైకి లేపి పట్టుకుని ఉంది. పళ్లెంలో ముద్ద మీద ముద్ద పడుతున్నా అంకె కదలకపోవడానికి కారణం అదీ. వ్యాపారి నవ్వుతూనే ఉన్నాడు. నవ్వులో వంక పెట్టడానికేం లేదు. మావయ్య చెప్పే ఆ 55 శాతం ముఖమూ నిజాయతీగానే ఉంది.

అవ్వ ఒక్క తిట్టు తిట్టలేదు. ముద్దలన్నీ లెక్కపెట్టి బుట్టలో వేసుకుంది. ఒక ముద్ద తక్కువైతే, చెయ్యి చాపి అలాగే నిలబడింది. వ్యాపారి గోనె కింద నుంచి ఆ ముద్ద బయటికొచ్చింది. అవ్వ పక్క కాటా దగ్గరికి నడిచింది. అక్కడ మొదట చూసింది ధర కాదు, ఆ వ్యాపారి చెప్పులు.

తిరుగు ప్రయాణంలో ఇంజరం వచ్చేదాకా మావయ్య మాట్లాడలేదు. ఆ మౌనం దేనికి అంగీకారమో నేనడగలేదు. తర్వాత ఆయనే గొంతు సవరించుకున్నాడు.

"చూశావా అల్లుడూ, ఆవిడ మన కాళ్లవైపే చూస్తూ ఉంది. అంటే ఏంటో తెలుసా? గౌరవం."

నేను చేతులు కట్టుకున్నాను.

"ఏదో దాస్తున్నావు" అన్నాడు.

"బియ్యం నిండుకున్నాయి మావయ్యా. అత్తయ్య పొద్దున్నే చెప్పమంది."

నా కనుబొమల వంక ఎగాదిగా చూసి, నవ్వి, నా భుజం తట్టాడు. రాత్రికి ఇంట్లో గోధుమరవ్వ ఉప్మా.